నా గురికి చత్వారం వచ్చింది!

ఒక చిన్న పని చేయండి. ఫోన్ ఎడమచేతిలోకి మార్చుకుని, కుడిచేయి పూర్తిగా చాచి బొటనవేలు పైకెత్తండి. ఒక కన్ను మూసి ఆ వేలి గోరునే చూడండి. వెనకాల గోడ మీది స్విచ్ బోర్డు మసకబారింది కదా? ఇప్పుడు స్విచ్ బోర్డును చూడండి. గోరు మసకబారుతుంది. రెండూ ఒకేసారి స్పష్టంగా కనిపించవు. ఎంత మంచి కన్నయినా అంతే, ఒకసారికి ఒక దూరాన్నే పట్టుకుంటుంది.

తేడా ఏంటంటే, మీ కన్ను గోరు నుంచి గోడకీ, గోడ నుంచి గోరుకీ చిటికెలో మారిపోతుంది. నాది అలా మారదు. నాకిప్పుడు 47.

నేను ఆడే ఎయిర్ పిస్టల్ ఆట మొత్తం ఈ గోరూ గోడా వ్యవహారమే. పది మీటర్ల దూరంలో టార్గెట్. పది పాయింట్లొచ్చే వలయం వెడల్పు 11.5 మిల్లీమీటర్లు, అంటే చొక్కా గుండీ అంత. పిస్టల్ మీద గురి చూడ్డానికి టెలిస్కోపూ, లేజరూ ఏమీ ఉండవు. కంటి వైపు ఒక గాడి, కొసన ఒక చిన్న దిమ్మ. మొదటిది రియర్ సైట్, రెండోది ఫ్రంట్ సైట్. గాడి మధ్యలో దిమ్మ నిలబడాలి, రెండిటి తలలూ ఒకే గీతలో ఉండాలి. పాతకాలం నుంచీ వీటిని ఐరన్ సైట్స్ అంటున్నారు.

ఇందులోకి నేనెలా వచ్చానంటే... తొమ్మిదేళ్ల కిందట మా అమ్మాయిని సమ్మర్ క్యాంపులో చేర్పించా. నెల తిరక్కుండానే దానికి బోర్ కొట్టింది. ‘ఫీజు కట్టేశాం కదమ్మా, మిగతా రోజులు నువ్వెళ్లు’ అంది. ఆ మిగతా రోజులు ఇంకా అవలేదు. ఆఫీసులో ఫైళ్లూ, ఇంట్లో కుక్కరూ, మధ్యలో వారానికి మూడు సాయంత్రాలు ఆ గీత మీద నిలబడితే బుర్రలో రొద ఆగిపోతుంది. అరవై షాట్లు, 75 నిమిషాలు. అంతసేపు నన్నెవరూ ‘అమ్మా’ అనీ, ‘మేడమ్’ అనీ పిలవరు.

రెండేళ్ల కిందట స్కోరు జారడం మొదలైంది. ఆరు వందలకి 548 కొట్టేదాన్ని, 521కి పడిపోయా. మొదట పెల్లెట్లని తిట్టా. తర్వాత ట్రిగ్గర్‌ని. రేంజ్‌లో లైట్లు తగ్గించారేమోనని కోచ్‌తో గొడవ కూడా పెట్టుకున్నా. చిత్రమేమిటంటే, మొదటి ఇరవై షాట్లు బాగానే పడేవి. ముప్ఫై దాటాక దిమ్మ అంచులు నీళ్లలో తడిసినట్టు కరిగిపోయేవి.

అప్పటికే ఇంట్లో ఒక సూచన కనబడుతోంది. ‘ఫోన్ అంత దూరంగా పట్టుకుంటావేంటమ్మా, సెల్ఫీ దిగుతున్నావా?’ అని మా అమ్మాయి నవ్వేది. చేయి ఇంకాస్త చాచి వాట్సాప్ చదివేసుకునేదాన్ని. కానీ రేంజ్‌లో చేయి అప్పటికే పూర్తిగా చాచి ఉంది. ఇంకెక్కడికి చాపను?

పెద్దవాళ్లు దీనికి ఎప్పుడో పేరు పెట్టారు: చత్వారం. సంస్కృతంలో చత్వారింశత్ అంటే నలభై. పేరులోనే వయసుంది. కంట్లో ఉండే లెన్స్ చిన్నప్పుడు మెత్తగా ఉంటుంది. దగ్గరివి చూడాలంటే అది ఉబ్బాలి. ఏళ్లు గడిచేకొద్దీ గట్టిపడి, ఉబ్బడం తగ్గిపోతుంది. నలభై దాటాక కూడా ఆ శక్తి పూర్తిగా పోదు, కొంచెం మిగులుతుంది. ఆ కొంచాన్నీ గంటకు పైగా పిండుకుంటే అలసిపోతుంది. ముప్ఫయ్యో షాట్ తర్వాత నాకు జరిగింది అదే.

అయితే ఈ సంగతి తెలుసుకోవడానికి నాకు ఏడాది పట్టింది. సోమరితనం కాదు, భయం. మా నాన్నకి నీటికాసులు. కంట్లో పీడనం పెరిగి నరాన్ని మెల్లమెల్లగా తినేసే జబ్బు. నొప్పి లేదు, ముందు పక్కచూపు పోయింది. గుమ్మాలకి భుజం కొట్టుకుంటుంటే వయసేలే అనుకున్నాం. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లేసరికి ఆలస్యమైపోయింది, పోయిన చూపు తిరిగి రాలేదు. అందుకే దిమ్మ మసకబారిన ప్రతిసారీ నాకు స్కోరు కాదు, నాన్న గుర్తొచ్చేవాడు. పరీక్షకి వెళ్తే ఏం చెబుతారో అని వెళ్లలేదు. తెలివితక్కువ పనే. రక్తసంబంధీకుల్లో నీటికాసులుంటే మిగతావాళ్లకన్నా ముందు వెళ్లాల్సింది మేమే.

కళ్ల డాక్టర్ దగ్గరికి వెళ్లకుండా ఏం చేశానో తెలుసా? కళ్లజోళ్ల షాపుకెళ్లా. ‘అన్ని దూరాలూ దీన్లోనే మేడమ్’ అంటూ ఖరీదైన ప్రోగ్రెసివ్ అద్దాలు అంటగట్టారు. అవి చదువుకోడానికి బాగానే ఉన్నాయి. రేంజ్‌లో మాత్రం దిమ్మ స్పష్టంగా కనబడాలంటే గడ్డం పైకెత్తి, కొంగలా మెడ సాచాల్సొచ్చింది. ఆ వారం స్కోరు 509.

పక్క లేన్‌లో ఆడే ఒక పెద్దాయన ఉన్నారు. ఆర్మీలో సుబేదారుగా చేసి రిటైరయ్యారు, ఏడు పదులకి దగ్గర్లో ఉన్నారు. నా పాట్లు చూసి ఒకరోజు అడిగారు: ‘మేడమ్, మీరు దేన్ని చూస్తున్నరు?’

‘టార్గెట్‌ని’ అన్నా.

‘గదే తప్పు. గా నల్లది మసకగనే ఉండనియ్యండి. ముంగట దిమ్మని చూడున్రి.’

తొమ్మిదేళ్ల కిందట మొదటిరోజు కోచ్ చెప్పిన పాఠమే అది. దిమ్మ కరిగిపోతుంటే నా చూపు తెలియకుండానే స్పష్టంగా ఉన్న టార్గెట్ మీదికి పారిపోతోందన్నమాట. అందులో లెక్క ఉంది. నా పిస్టల్‌పై రెండు సైట్ల మధ్య దూరం సుమారు 32 సెంటీమీటర్లు. టార్గెట్ దూరం దానికి ముప్ఫై రెట్లు. గాడిలో దిమ్మ ఒక మిల్లీమీటర్‌లో మూడో వంతు పక్కకి జరిగినా, అక్కడ గుండు సెంటీమీటర్ పక్కకి పడుతుంది. పది కాస్తా తొమ్మిదవుతుంది. అదే చేయి మొత్తంగా, వంకర పోకుండా మూడు మిల్లీమీటర్లు పక్కకి ఊగిందనుకోండి, అక్కడా మూడే. పది పదిగానే ఉంటుంది. టార్గెట్ మసగ్గా ఉన్నా పర్లేదు, దిమ్మ మసకబారితే మాత్రం ఆట పోయినట్టే.

ఆ మర్నాడే డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకున్నా. పిస్టల్ ఆస్పత్రికి తీసుకెళ్లలేం కదా, పెద్దాయన సలహా మీద నా కంటి నుంచి దిమ్మ వరకూ దారం కొలిచి ముడేసుకుని వెళ్లా. 85 సెంటీమీటర్లు. ముందు పీడనం చూశారు, నరం చూశారు, పక్కచూపు పరీక్ష చేశారు. మిషన్‌లో తల పెట్టి, చుక్క వెలిగినప్పుడల్లా బటన్ నొక్కాలి. నా జీవితంలో అంత శ్రద్ధగా ఏ మ్యాచ్‌లోనూ ట్రిగ్గర్ నొక్కలేదు. ‘ఇప్పటికైతే ఏమీ లేదు, ఏడాదికోసారి రండి’ అన్నారు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని కాసేపు ఏడ్చా.

అన్నట్టు, ఆ దారం చూసి డాక్టర్‌గారు తెగ నవ్వారు. నవ్వుతూనే దారం కొసన అక్షరాలు పట్టుకుని, అద్దాలు మార్చి మార్చి చూపించారు. చివరికి తేలింది ప్లస్ 0.75. నా చదువుకునే అద్దాల్లో సగం కూడా లేదు. దీంతో దిమ్మ కత్తిరించినట్టు కనబడుతుంది, టార్గెట్ మాత్రం బొగ్గుమరకలా ఉంటుంది. రెండో కన్ను మూసుకుంటే గురి చూసే కన్ను కూడా బిగుసుకుంటుంది కాబట్టి, ఆ వైపు అద్దానికి పాలరంగు టేపు అతికించా.

రైఫిల్ వాళ్లకి ఈ బాధ కొంత తక్కువ. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మన హైదరాబాదీ గగన్ నారంగ్ కాంస్యం కొట్టిన ఎయిర్ రైఫిల్‌లో రియర్ సైట్ గాడి కాదు, సన్నటి చిల్లు. చిల్లులోంచి చూస్తే మసక తగ్గుతుంది. నమ్మకపోతే అట్టముక్కకి సూదితో బెజ్జం పెట్టి, మీ అమ్మగారిని కళ్లజోడు తీసేసి అందులోంచి పేపర్ చదవమనండి. పిస్టల్‌కి ఆ సౌకర్యం లేదు, గాడితోనే సర్దుకోవాలి.

ఇంతా చేసి ఈ వయసులో ఇదంతా ఎందుకు అంటారా? 2024 పారిస్‌లో జేబులో చేయి పెట్టుకుని కాల్చి మీ మీమ్స్‌లోకెక్కిన తుర్కియే అంకుల్ యూసుఫ్ డికెచ్ గుర్తున్నాడా? మామూలు కళ్లజోడుతో మిక్స్‌డ్ టీమ్‌లో రజతం. అప్పుడాయనకి 51. మన మను భాకర్, సరబ్‌జోత్ సింగ్‌లకి కాంస్యం వచ్చింది ఆ పోటీలోనే. అదే పారిస్‌లో జార్జియా పిస్టల్ షూటర్ నీనో సలుక్వాద్జే పదో ఒలింపిక్స్ ఆడింది. మొదటిది 1988 సియోల్. ఉత్తరప్రదేశ్‌లోని జోహ్రీ గ్రామానికి చెందిన చంద్రో తోమర్ బామ్మ అయితే పిస్టల్ పట్టిందే అరవై దాటాక. వాళ్లతో నాకు పోలికేమీ లేదు, నేను జిల్లా స్థాయి కూడా దాటలేదు. కానీ ఎవరైనా ‘ఇంకెందుకండీ’ అన్నప్పుడు ఈ పేర్లు చదివేస్తుంటా.

పోయిన నెల మా క్లబ్బులో పోటీ జరిగింది. నా రెండు పక్కలా కాలేజీ పిల్లలు. యాభయ్యో షాట్‌కి కూడా దిమ్మ అంచులు గట్టిగానే నిలబడ్డాయి. చివరి షాట్ కొట్టి, చేయి దించి, పక్కనున్న స్క్రీన్ వైపు తిరిగా. ఏమీ కనబడలేదు. షూటింగ్ అద్దాలతో అంత దగ్గరి అంకెలు చదవలేను, చదువుకునే అద్దాలు బ్యాగులో ఉన్నాయి.

‘బాబూ, ఎంత పడిందో కాస్త చూస్తావా?’

‘తొమ్మిది ఆంటీ. టోటల్ 543.’