మన చెరువులో మునుగుడుకోడి

హోసూరు రామనాయకుని చెరువు కట్ట మీద నడిచేవాళ్లు దీన్ని చూసే ఉంటారు. నీళ్ల మీద జానెడు పొడవున గోధుమరంగు పిట్ట ఒకటి తేలతా ఉంటుంది. చూస్తా ఉండగానే బుడుంగుమని మునిగిపోతుంది. ఆడనే లేస్తుందని మనం కాచుకోనుంటే, ఎక్కడో అవతల తల ఎత్తుతుంది. శానామంది బాతుపిల్ల అనుకుంటారు. బాతు కాదు, దాని పేరు మునుగుడుకోడి. మన పిల్లలు బడిలో తమిళంలో ముక్కుళిప్పాన్ అని చదువుకుంటారు.

పావుకిలో కూడా తూగదు. తోక ఉన్నట్టే కనపడదు. గుడ్లు పెట్టే కాలంలో మెడ, చెంపలు ఇటుకరంగుకు తిరుగుతాయి, నోటి మూలలో పసుపు చుక్క మెరుస్తుంది. కాళ్లు ఒంటికి బాగా వెనకాల ఉంటాయి. అందుకే గట్టు మీద సరిగా నడవలేదు గాని, నీళ్లలో మాత్రం మగ్గంలో నాడె మాదిరి దూసుకుపోతుంది. వేళ్లకు బాతుకున్నట్టు ఒకటే పొర ఉండదు, ఒక్కో వేలికీ విడివిడిగా ఆకుల మాదిరి రెక్కలుంటాయి. చిన్న చేపలు, తోకకప్పలు, నీటిపురుగులు దీని తిండి. తన ఈకలు తానే మింగుతుంది. చేపముళ్లు కడుపులో గుచ్చుకోకుండా అని చూసినవాళ్లు చెప్తారు.

దీని గూడు చెట్టు మీద ఉండదు, నేల మీదా ఉండదు. నాచు, తుంగ పోగేసి నీళ్ల మీదనే తెప్ప కట్టి, కొట్టుకుపోకుండా జమ్ముకు తగిలించుకుంటుంది. లేచి పోయేటప్పుడు గుడ్ల మీద తడినాచు కప్పిపోతుంది. తెల్లటి గుడ్లు ఆ నాచు మరకకే గోధుమరంగుకు వస్తాయి. ఇరవై రోజులకు పిల్లలు బయటికొస్తాయి. ఒంటినిండా చారలు. అమ్మానాయన వీపెక్కి ఈకల్లో దూరి తిరుగుతాయి.

ఉత్తరాన కెనడా, అమెరికా చెరువుల్లో లూన్ అనే పెద్ద పక్షి ఉంది. దీనికి చుట్టం కాదు గాని బతుకు ఒకే తీరు. వెనకాల కాళ్లు, మునిగి చేపల వేట, వీపు మీద పిల్లలు. నాలుగైదు కిలోలు తూగుతుంది, ఎగరాలంటే నీళ్ల మీద శానా దూరం పరిగెత్తాల. చలికి చెరువు గడ్డ కడితే సముద్రానికి పోతుంది. 1987 నుంచి కెనడా ఒక డాలరు బిళ్ల మీద దాని బొమ్మే ఉంది. అంత మర్యాద ఉన్న పక్షి కూడా గాలాలకు కట్టే సీసపు గుండ్లు మింగి చస్తా ఉంది.

మునుగుడుకోడి కంటితో చూసి వేటాడుతుంది. నీళ్లు మురికైతే దానికి కూడు కనపడదు. మన దక్షిణ పినాకిని సంగతి మీకు తెలుసు. బెంగళూరు మురుగునీళ్లు కలిసి, కెలవరపల్లి డ్యాం దగ్గర తెల్లటి నురుగు గుట్టలుగా లేస్తుంది. ఆ ఏరే కిందకుపోయి కృష్ణగిరి డ్యాంలో చేరుతుంది. పొలాలకు పారేదీ ఆ నీళ్లే.

మిల్లులో బతుకంతా దూదిదుమ్ము పీల్చినవాణ్ణి నేను. కంటికి కనపడని చెడుపు ఎంత మెల్లగా లోపలికి దిగుతుందో నాకు తెలుసు. ఏటి సంగతి సర్కారు చూడాల, మనం అడగతానే ఉండాల. ఊరి చెరువు మాత్రం మన చేతిలోదే. తెగిన గాలపుదారం, ప్లాస్టిక్ కవర్లు నీళ్లలో వెయ్యొద్దు. చెరువు శుభ్రం చేసేటప్పుడు జమ్మంతా ఒక్కసారే పెరికెయ్యొద్దు, ఒక మూల వదలండి. అందులో ఒక ఇల్లు ఉంటుంది.

ఈ ఆదివారం పిల్లల్ని కట్ట మీదికి పిలుచుకుపోండి. మునిగినాక ఎంతసేపటికి లేస్తుందో వాళ్లనే లెక్కపెట్టమనండి.