కెమెరా కన్ను కొట్టడం మానేసింది!

ఢాం! విలన్ చేతిలో పిస్తోలు పేలింది. "కట్!" అన్నాడు డైరెక్టర్. "మెరుపు వ్యూఫైండర్లో భేషుగ్గా కనిపించింది సార్!" అన్నాడు కెమెరా దగ్గరున్న కుర్రాడు హుషారుగా. సీనియర్ కెమెరామన్ తల పట్టుకున్నాడు. "కనిపించిందా? అయితే ఇంకో టేక్ తప్పదు!"

ఇదెక్కడి చోద్యం అంటారా? ఫిల్ము రోజుల్లో ఆరీఫ్లెక్స్ లాంటి కెమెరాల తంతే అంత. లెన్సు వెనకాల ఓ అద్దం గిర్రున తిరుగుతూ ఉంటుంది. సెకనుకి 24 ఫ్రేములు. ఒక్కో ఫ్రేముకీ సగంసేపు, అంటే సెకనులో 48వ వంతు, వెలుతురు ఫిల్ము మీద పడుతుంది. మిగతా సగంసేపు అద్దానికి తగిలి కెమెరామన్ కంటికి వస్తుంది. ఫిల్ము చూసింది అతను చూడడు, అతను చూసింది ఫిల్ము చూడదు! క్షణికమైన మెరుపు అతని కంటపడిందంటే ఫిల్ముకి ఎక్కలేదన్నమాటే.

అలా రెపరెపలాడే బొమ్మతోనే మనవాళ్ళూ ఇన్ని సినిమాలు తీశారు. కన్ను ఐపీస్‌కి అదిమిపెట్టి ఉంచాల్సిందే. కాస్త పక్కకి తీస్తే ఆ సందులోంచి వెలుతురు దూరి ఫిల్ము పాడయ్యే ప్రమాదం. షాట్ అయ్యాక సెట్లో అందరి చూపూ అతని మీదే. అతను ఓకే అంటేనే ఓకే! ల్యాబు నుంచి రషెస్ వచ్చేదాకా ఆ గుండెదడ మాత్రం అతనొక్కడిదే.

డిజిటల్ వచ్చాక సెన్సార్ చూసిందే బుల్లితెర మీద కనిపిస్తోంది. (కత్తెర వేసే సెన్సారు కాదండోయ్, బొమ్మను పట్టే చిప్పు!) పిస్తోలు మెరుపు పడిందో లేదో అక్కడికక్కడే తెలిసిపోతుంది. హాయే కదా అనుకుంటే, బొమ్మ చుట్టూ అంకెలు, గీతలు, గ్రాఫులు! 'ఫాల్స్ కలర్' మీట నొక్కితే ఆరీ కెమెరాలో వెలుతురు సరిగ్గా పడ్డ తెల్లని చెంప గులాబీరంగు, హద్దు దాటిన నుదురు ఎరుపు, చీకట్లో మునిగిన మూల ఊదా. హీరోయిన్ హోలీ ఆడొచ్చినట్టుంటుంది. ఎక్స్‌పోజరు చూసుకోవడానికి బ్రహ్మాండమైన సాయమే. కానీ ఆ రంగుల్లో ఆమె కంటి తడి కనిపిస్తుందా? అందుకే అదంతా రిహార్సల్లోనే చూసుకుని, టేకులో ఆపేయడమే మేలని నాకనిపిస్తుంది. ఇక ఓకే అనే మాటంటారా... మానిటర్ చుట్టూ మూగిన పదిమందీ అనేస్తున్నారు!

రోజర్ డీకిన్స్ అంతటి ఛాయాగ్రాహకుడికే ఆ పాత అద్దం మీద మమకారం పోలేదు. 2011లో 'ఇన్ టైమ్'తో డిజిటల్లోకి వచ్చిన ఆయన, మరుసటేడు జేమ్స్‌బాండ్ చిత్రం 'స్కైఫాల్'కి అలెక్సా స్టూడియో కెమెరా వాడాడు. లోపలంతా డిజిటలే, కంటికి మాత్రం అచ్చం ఫిల్ము కెమెరాలాగే తిరిగే అద్దం!

2019లో వచ్చిన '1917'కి వాడిన అలెక్సా మినీ ఎల్ఎఫ్‌లో ఆ అద్దమూ లేదు. పైగా చాలా షాట్లలో ఆయన కెమెరా పక్కనే లేడు. ఎక్కడో వ్యానులో కూర్చుని, తెర చూస్తూ, చక్రాలు తిప్పుతూ కెమెరాని నడిపించాడు. ఆ ఏటి ఛాయాగ్రహణం ఆస్కారు ఆయనకే వచ్చింది.