పెట్టె అడుగు తేదీ, అమోనియా లెక్క

క్యూబా సిగార్ పెట్టెను తిరగేస్తే అడుగున ఫ్యాక్టరీ సంకేతం, పక్కనే నెల, ఏడాది ఉంటాయి. 'ఎనే 19' అంటే 2019 జనవరి. ఆ ముద్ర ఎంత పాతదైతే ధర అంత ఎక్కువ చెబుతున్నారు, నిజంగా తేడా ఉంటుందా అని ఒక పాఠకుడు అడిగారు. నాకు సిగార్ల మోజు లేదు. కానీ ఈ ప్రశ్నలో అమోనియా ఉంది, దాన్ని వదులుకోలేను.

తేదీ సంగతి ముందే తేల్చేద్దాం. 1985కు ముందు ఈ తేదీ ముద్రే లేదు. తర్వాత చాలా ఏళ్లు 'నివెలకూసో' (NIVELACUSO) అనే పది రోమన్ అక్షరాలను వరసగా 1 నుంచి 9, చివరిది సున్నాగా లెక్కేసి, తేదీని గూఢలిపిలో కొట్టేవారు. ఇప్పుడా దాపరికం లేదు. అయినా అది సిగార్లను పెట్టెలో సర్దిన తేదీ మాత్రమే. ఆకు కోసి, మాగబెట్టింది అంతకు ఎంతో ముందు.

మాగడం మొదలయ్యేది మండెలో, అంటే ఆకు పేర్చిన కుప్పలో. ఆరిన ఆకుకు తగినంత తేమ పట్టించి మండె కడితే లోపల కాగుతుంది. చెయ్యి దూర్చితే పెంటకుప్పలో తగిలే వేడే. ఆ వేడి మితిమీరకముందే విప్పి, లోపలి ఆకును పైకి, పై ఆకును లోపలికి మార్చి మళ్లీ కడతారు. ప్రోటీన్లు విరిగి అమైనో ఆమ్లాలు, వాటి నుంచి అమోనియా పుడతాయి. మండె విప్పేవాళ్ల కళ్లు మండేది అందుకే.

ఈ పని చేసేదెవరు? బ్యాక్టీరియా అన్నాడు 1891లో జర్మనీకి చెందిన ఎమిల్ సుక్స్‌లాండ్. మేలైన ఆకు మీది సూక్ష్మజీవులను తెచ్చి జర్మన్ నాసిరకం ఆకుకు పట్టిస్తే మంచి రుచి వస్తుందని ఆయన ఆశ. అమెరికా వ్యవసాయ శాఖలో పనిచేసిన ఆస్కార్ లోవ్ కొట్టిపారేశాడు: ఆ కాస్త తేమలో బ్యాక్టీరియా బతకదు, అంతా ఎంజైములదే! లోవ్ మరీ మొండికేశాడు. మండెలో సూక్ష్మజీవుల పాత్ర ఉందని తర్వాత తేలింది. అయితే ఆ మొండితనంలోనే ఆయనకు పొగాకులో ఒక ఎంజైము దొరికింది, దానికి కాటలేజ్ అని పేరు పెట్టాడు. పుండు మీద హైడ్రోజన్ పెరాక్సైడ్ పోస్తే బుసబుసా నురగొచ్చేది దాని వల్లే. పొగాకు వల్ల జరిగిన కొద్దిపాటి మేళ్లలో ఇదొకటి.

మండెలో పోగా మిగిలిన అమోనియా సిగార్‌లోకి వస్తుంది. నాకు ముచ్చటేసేది ఇక్కడే. ఆకులో అది రెండు రూపాల్లో ఉంటుంది: కదలని లవణంగా, ఎగిరిపోయే వాయువుగా. క్షారత ఎక్కువైతే వాయువు పాలు పెరుగుతుంది. ఆ వాయువు పోయేకొద్దీ క్షారత తగ్గుతుంది, తగ్గేకొద్దీ మిగిలింది లవణంగా బిగుసుకుంటుంది. అంటే అమోనియా వెళ్తూ వెళ్తూ తన దారి తనే మూసుకుంటుంది! అందుకే మొదట్లో గబగబా, తర్వాత నత్తనడక.

నికోటిన్‌దీ ఇదే తంతు. క్షారతను కొలిచే పీహెచ్ 8 దగ్గర ఉంటే దాదాపు సగం లవణంగా కాక స్వేచ్ఛగా ఉంటుంది, గొంతు పట్టే ఘాటు దానిదే. పీహెచ్ దిగితే నికోటిన్ ఎక్కడికీ పోకుండానే ఘాటు తగ్గుతుంది. పొగతాగేవాళ్లు 'మెత్తబడింది' అనేది చాలావరకు దీన్నే. కనుక నిన్న చుట్టినదానికీ రెండేళ్లదానికీ తేడా ఉంటుంది. పదేళ్లదానికీ పన్నెండేళ్లదానికీ మధ్య అమోనియా వైపు నుంచి చెప్పుకోవడానికి ఏమీ ఉండదు. మీరు కట్టే అదనపు ధర ముద్రకే.

మన గుంటూరు వర్జీనియాకు ఈ లెక్క వర్తించదు. బ్యారన్‌లో క్యూరింగ్ చేసిన ఆ ఆకులో చక్కెర మిగిలిపోతుంది, పొగ ఆమ్లగుణంతో వస్తుంది; అందుకే నికోటిన్ ఒంటికి బాగా పట్టాలంటే ఊపిరితిత్తుల దాకా పీల్చాలి. సిగార్ పొగ క్షారం, అందులోని నికోటిన్‌ను నోటి పొరే లాగేసుకుంటుంది. పీల్చడం లేదు కదా అని ధీమాగా ఉండేవాళ్లు ఇది గమనించాలి. క్యాన్సర్ తెచ్చే నైట్రోసమైన్లు చాలావరకు క్యూరింగ్‌లో, మండెలోనే పుడతాయి. పెట్టెలో ఎన్నేళ్లుంచినా అవి అమోనియాలా ఎగిరిపోవు.

కొనే తీరాలంటే తేదీ కంటే ముందు ఆ పెట్టె ఎక్కడ, ఎంత వేడిలో ఉందో అడగండి. వేడి ఈ మార్పులన్నిటినీ తరుముతుంది, పొగాకు పురుగు గుడ్లనూ పొదుగుతుంది. ఆ వివరం ఏ ముద్రలోనూ ఉండదు.