చెడుగుడు వృత్తియైన విధము

ఒక ఆటను ఆడుట వేరు, దానిచే జీవించుట వేరు. సంక్రాంతి దినాలలో ఊరి బయలున గీత గీసి ఆడుకొనే చెడుగుడు 2014వ సంవత్సరంలో విశాఖపట్నం పోర్టు స్టేడియం ఆవరణలోని రాజీవ్ గాంధీ ఇండోర్ స్టేడియంలో, విద్యుద్దీపాల క్రింద, మెత్తని చాపలపై ఆడబడినది. ఆ జూలై 26న ఎనిమిది జట్లతో ఆరంభమైన ప్రో కబడ్డీ లీగులో తెలుగు టైటన్సు జట్టుకు మన నగరమే నివాసస్థానమైనది.

అంతకు పూర్వం ఈ ఆటకు గౌరవం లేకపోలేదు. 1936లో అమరావతి వ్యాయామశాలవారు బెర్లిన్ ఒలింపిక్స్ సందర్భాన దీనిని ప్రదర్శించారు. 1950లో అఖిల భారత సమాఖ్య ఏర్పడినది. 1990లో బీజింగ్ ఆసియా క్రీడలలో మనవారు స్వర్ణపతకం గెలిచారు. అయినను పతకం పొందిన ఆటగానికి అన్నం పెట్టినది ఆట కాదు, రైల్వేలలోనో పోలీసుశాఖలోనో సైన్యంలోనో లభించిన ఉద్యోగం. సమాఖ్య పేరులోనే ‘అమెచ్యూర్’ అను మాట ఉండేది.

ఇట్టి పరిణామమే జపానులో బేస్‌బాల్ ఆటకు ఎనిమిది దశాబ్దాల ముందు జరిగినది. 1872లో హోరేస్ విల్సన్ అను అమెరికన్ ఉపాధ్యాయుడు నేర్పిన ఆ ఆట అరువది సంవత్సరాలపాటు ప్రధానంగా విద్యార్థులదే. 1932లో విద్యాశాఖ విద్యార్థుల ఆటపై కట్టుబాట్లు విధించి, వృత్తి ఆటగాళ్ళతో వారు ఆడరాదన్నది. యోమియూరి పత్రికాధిపతి షోరికి మత్సుతారో 1934లో బేబ్ రూత్ మొదలైన అమెరికన్ ఉద్దండులను రప్పించినపుడు, వారికి ఎదురుగా నిలుపుటకు వేరే జట్టును కూర్చవలసివచ్చినది. పదిహేడేళ్ళ సవమురా ఐజీ చదువు మానుకొని అందులో చేరినాడు. నవంబరు 20న షిజువోకాలో అతడు బంతి విసరి రూత్‌తో సహా నలుగురు మేటి ఆటగాళ్ళను వరుసగా అవుట్ చేసినాడు. ఆట మాత్రం ఒక్క పరుగుతో ఓడిపోయినారు! డిసెంబరు 26న ఆ జట్టే వృత్తి సంఘంగా వెలసినది. 1936లో ఏడు జట్ల లీగు మొదలైనది.

అచ్చట పత్రిక చేసిన పనిని ఇచ్చట టెలివిజన్ చేసినది. వ్యాఖ్యాత చారు శర్మ, పారిశ్రామికుడు ఆనంద్ మహీంద్రా స్థాపించిన మషాల్ స్పోర్ట్స్, స్టార్ సంస్థతో కలిసి లీగును నడిపినది. తెరకు జాప్యం గిట్టదు గదా! కూతకు ముప్పది సెకన్ల గడువు. రెండు కూతలు వరుసగా వట్టిపోయినచో మూడవదానిలో పాయింటు తేవలసినదే, లేనిచో కూతగాడు అవుట్. ముగ్గురో అంతకు తక్కువో మిగిలిన జట్టు కూతగాణ్ణి పట్టినచో అదనపు పాయింటు. వీనివలన ఆట చురుకెక్కిన మాట నిజమే. కాని పూర్వం గుక్క తిప్పుకోనీయని కూతయే ఆటకు ప్రాణం. అది చెవితో వినదగిన ఆట. నేడు ఊపిరి కంటె గడియారమే ముందు కనబడుచున్నది. రేడియోవానికి ఈ చింత సహజమే అనుకొనెదరు గాక.

2014 వేలంలో అత్యధిక మూల్యం రాకేశ్ కుమార్‌కు, పాట్నా జట్టు ఇచ్చిన 12 లక్షల 80 వేల రూపాయలు. 2023లో తెలుగు టైటన్సు పవన్ సెహ్రావత్‌కు 2 కోట్ల 60 లక్షల 50 వేలు వెచ్చించినది. అతడు ఢిల్లీవాడు. అంతకు ముందు ఈ జట్టుకు ప్రాణప్రదుడైన రాహుల్ చౌదరి ఉత్తరప్రదేశ్‌లోని బిజనోరు ప్రాంతంవాడు. పేరు తెలుగుదే, కూత మాత్రం ఉత్తరాదిది. మన పల్లెల పిల్లలు ఆ చాపపైకి చేరుటకు పాఠశాలలలో శిక్షణ కావలెను. వేలంపాట ఆ పని చేయదు.

ఇక దేహం మాట. 2022లో తమిళ తలైవాస్ సెహ్రావత్‌ను 2 కోట్ల 26 లక్షలకు తీసుకొనినది. తొలి ఆటలోనే మోకాలు గాయపడి ఆ సంవత్సరమంతా అతడు బరికి దూరమైనాడు. కోట్ల మూల్యం పలికిన ఆ ఆటగాడు రైల్వే ఉద్యోగి కూడ. జాతీయ పోటీలలో రైల్వే జట్టు పక్షాన ఆడినవాడే.