తల్లికి దూరమైన పిల్లికూనల సంరక్షణ: ముందు వెచ్చదనం, తరువాతే పాలు

యాసంగి వరికోతలు ముమ్మరంగా సాగుతున్న సమయం. కోతయంత్రం మడి అంచుకు చేరగానే గట్టు పక్కన గడ్డిదుబ్బులో సన్నని అరుపులు వినిపిస్తాయి. యంత్రం ఆపి చూస్తే కళ్లు తెరవని మూడు, నాలుగు కూనలు. తల్లి జాడ ఉండదు. జాలిగొన్న రైతు వాటిని సంచిలో వేసుకొని ఇంటికి తెచ్చి, గిన్నెలో బర్రెపాలు పోసి, దూదితోనో చెంచాతోనో నోట్లో పోస్తాడు. మరునాటి ఉదయానికి కూనలు చల్లబడి ఉంటాయి. పాలు పట్టినా బతకలేదని ఇంటిల్లిపాదీ బాధపడతారు. చాలా సందర్భాలలో కూనలను బలిగొన్నది ఆకలి కాదు. చల్లబడిన దేహంలో పోసిన పాలే వాటి ప్రాణం తీస్తాయి.

కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాలలో గడ్డివాములు, పశువుల కొట్టాలు, పత్తి నిలువచేసే గదులు పెంపుడు పిల్లులకు ప్రసూతి స్థానాలు. వాగుల వెంట పెరిగే తుంగ, మక్కచేలు, చెరువు శిఖాలు, పొలం గట్ల మీది పొదలు అడవిపిల్లులకు నెలవులు. జంగపిల్లి, బావురుపిల్లి అని పల్లెల్లో పిలిచే ఈ జీవి దట్టమైన అడవికంటే గడ్డిభూములనూ, నీటి తావుల పక్కనున్న పొలాలనూ ఎక్కువగా ఆశ్రయిస్తుంది. అందువలన కోతలు, వాముల తరలింపు, గట్లు చెక్కడం వంటి పనులు జరిగేటప్పుడు కూనలు బయటపడటం సహజం. అట్టి సమయంలో రైతు మొదట సంప్రదించేది తనకు పరిచయమున్న విస్తరణ అధికారినే. ఆ అధికారి ఇచ్చే మొదటి సలహా మీదనే కూనల ప్రాణం ఆధారపడి ఉంటుంది.

తల్లి నిజంగా లేదా?

కూనలు ఒంటరిగా కనిపించినంత మాత్రాన అవి అనాథలు కావు. తల్లి వేటకై కొన్ని గంటలపాటు వెళ్తుంది. అలికిడి ఎక్కువైతే కూనలను ఒక్కొక్కటిగా నోట కరచుకొని వేరొక చోటికి మారుస్తుంది. మనిషి చూసే క్షణానికి రెండు కూనలను చేరవేసి, మూడవదాని కోసం తిరిగి వస్తూ ఉండవచ్చు. కూనలు పొట్ట నిండుగా, వెచ్చగా, శుభ్రంగా, నిశ్శబ్దంగా పడుకొని ఉంటే తల్లి సమీపంలోనే ఉన్నదని భావించాలి. ఒళ్లు చల్లబడి, పొట్ట లోనికి పోయి, విడవకుండా అరుస్తూ, చీమలు పట్టి ఉంటే మాత్రమే ఆపద ఉన్నట్లు.

ఆపద లేనప్పుడు ఆ కొద్ది భాగంలో కోత నిలిపి, కుక్కలను, జనాన్ని దూరంగా ఉంచి, చీకటి పడేవరకు వేచి చూడటమే సరైన పని. యంత్రం తప్పక నడవవలసి వస్తే కూనలను పైమూత లేని గంపలో ఉంచి, కొద్ది అడుగుల దూరంలో నీడపట్టున పెట్టాలి. మనిషి వాసన తగిలితే తల్లి కూనలను ముట్టదన్న నమ్మకం పల్లెల్లో బలంగా ఉంది. మహారాష్ట్రలోని జున్నార్ ప్రాంత అనుభవం దీనికి భిన్నమైనది. అక్కడి చెరకు తోటల్లో కోత సమయంలో చిరుతపులి, అడవిపిల్లి, చుక్కలపిల్లి కూనలు బయటపడినప్పుడు అటవీశాఖ సిబ్బంది, పశువైద్యులు వాటిని పరీక్షించి, పొద్దుగూకే వేళ దొరికిన చోటనే పెట్టెలో ఉంచి దూరం నుండి కెమెరాలతో గమనిస్తారు. మనుషులు తాకిన కూనలను తల్లులు వచ్చి తీసుకుపోవడం అక్కడ అనేక పర్యాయాలు నమోదయింది.

తిరిగి కలపడం విఫలమైతే ఏమవుతుందో తెలుగు నేలపైనే చూశాం. 2023 మార్చి మాసంలో నంద్యాల జిల్లా పెద్ద గుమ్మడాపురం గ్రామం వద్ద నాలుగు ఆడ పులికూనలు తల్లికి దూరమై దొరికాయి. అటవీశాఖ పెద్దయెత్తున ప్రయత్నించినా తల్లితో కలపడం సాధ్యం కాలేదు. చివరకు వాటిని తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర జంతు ప్రదర్శనశాలకు తరలించవలసి వచ్చింది. తల్లి వద్ద వేట నేర్చుకోని కూనకు అడవి జీవితం దుర్లభం. మానవ సంరక్షణ ఎంత శ్రద్ధతో కూడినదైనా, అది తల్లి దొరకనప్పుడు మిగిలే రెండవ మార్గం మాత్రమే.

పెంపుడు పిల్లి కూనా, అడవిపిల్లి కూనా?

పెద్ద అడవిపిల్లిని గుర్తించడం సులభం. పొడవైన కాళ్లు, నల్లని వలయాలున్న పొట్టి తోక, చెవుల కొసన చిన్న నల్లని కుచ్చు దాని లక్షణాలు. కూనలలో మాత్రం ఒంటిమీద చారలుండటం వలన చారల పెంపుడు పిల్లి కూనలతో పోల్చుకొని పొరబడే అవకాశం ఎక్కువ. ఊరికి దూరంగా పొలంలో, పొదలో, తుంగలో దొరికిన కూనను నిర్ధారణ అయ్యేవరకు అడవిపిల్లి కూనగానే భావించడం క్షేమం. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం అడవిపిల్లి రక్షిత జీవి. దానిని ఇంట పెంచడం నేరం. ఫోటో తీసి, దొరికిన చోటును గుర్తుపెట్టుకొని, సమీప అటవీ క్షేత్రాధికారికి వెంటనే తెలియజేయాలి. కవ్వాల్ పులుల అభయారణ్యానికి ఆనుకొని ఉన్న గ్రామాలలో ఈ జాగ్రత్త మరింత అవసరం. అక్కడ దొరికిన కూన చిరుతపులిదో, పులిదో కూడా కావచ్చు. అప్పుడు తల్లి సమీపంలో ఉండటం మనుషులకే ప్రమాదం.

మొదటి గంట: వెచ్చదనం

పుట్టినప్పుడు పిల్లికూన బరువు సుమారు 100 గ్రాములు. మొదటి వారంలో దాని శరీర ఉష్ణోగ్రత 35 నుండి 36.5 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది. ఆ వయసులో వణుకు పుట్టించి వేడిని తయారుచేసుకొనే శక్తి దానికి లేదు. తల్లి ఒడి, తోటి కూనల స్పర్శ మాత్రమే దాని వేడికి ఆధారం. శరీరం చల్లబడినప్పుడు పేగుల కదలిక మందగించి ఆగిపోతుంది. అప్పుడు పోసిన పాలు జీర్ణం కాక కడుపులోనే పులుస్తాయి, లేదా వెనక్కి వచ్చి ఊపిరితిత్తులలోకి పోతాయి. కనుకనే చల్లగా ఉన్న కూనకు పాలు పట్టరాదన్నది మొదటి నియమం.

ఈ సూత్రం కోడిపిల్లలను పెంచేవారికి కొత్తది కాదు. బ్రూడర్‌లో మొదటి వారం 35 డిగ్రీల వేడి ఉంచి, వారం వారం సుమారు 3 డిగ్రీల చొప్పున తగ్గించడం వారికి తెలిసినదే. పిల్లికూనలకు మొదటి వారం 30 నుండి 32 డిగ్రీలు, రెండవ వారం 27 నుండి 29 డిగ్రీలు, ఆపై నాలుగవ వారం వరకు 24 నుండి 27 డిగ్రీల వెచ్చదనం చాలు. అట్టపెట్టెలో మెత్తని బట్ట పరచి, గోరువెచ్చని నీరు నింపిన సీసాను తువాలులో చుట్టి ఒక పక్కన మాత్రమే ఉంచాలి. వేడి ఎక్కువైతే కూన రెండవ పక్కకు పాకిపోయే వీలుండాలి. బల్బు వాడితే తగినంత ఎత్తున వేలాడదీయాలి. మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టరాదు. చల్లబడిన కూనను ఒక్కసారిగా కాక, గంట, రెండు గంటల వ్యవధిలో నెమ్మదిగా వెచ్చబరచాలి.

ఆదిలాబాద్ ప్రాంతంలో డిసెంబరు, జనవరి మాసాలలో రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల లోపునకు పడిపోతుంది. కూనకు కావలసిన వేడికీ, గాలిలోని వేడికీ మధ్య 20 డిగ్రీల అంతరం ఏర్పడుతుంది. కొట్టంలో వరిగడ్డి మీద వదిలిన కూన తెల్లవారేసరికి బతికి ఉండటం కష్టం. వేసవిలో సమస్య తిరగబడుతుంది. రేకుల కప్పు కింద ఉంచిన పెట్టె పగటివేళ ప్రాణాంతకమవుతుంది.

బర్రెపాలు ఎందుకు చాలవు?

పిల్లిపాలలో మాంసకృత్తులు సుమారు 7 నుండి 8 శాతం ఉంటాయి. ఆవుపాలలో ఇవి 3.3 శాతం, బర్రెపాలలో 4 శాతం మాత్రమే. కొవ్వు, శక్తి విషయంలో బర్రెపాలు పిల్లిపాలకు కొంత దగ్గరగా ఉన్నా, మాంసకృత్తులు సగమే అందుతాయి. ఆవు, బర్రె పాలలో లాక్టోజ్ చక్కెర పిల్లిపాలలోకంటే ఎక్కువ కావడం వలన విరేచనాలు మొదలై, 100 గ్రాముల ప్రాణి కొద్ది గంటలలోనే నీరసించిపోతుంది.

టారిన్ అనే పోషకం విషయం ఇంతకంటే ముఖ్యమైనది. చాలా క్షీరదాలు దీనిని శరీరంలోనే తయారుచేసుకుంటాయి. పిల్లిజాతి తగినంత తయారుచేసుకోలేదు. టారిన్ లోపం వలన పిల్లుల కంటిపొర క్షీణిస్తుందని 1975లోనూ, గుండె కండరం బలహీనపడుతుందని 1987లోనూ శాస్త్రజ్ఞులు నిరూపించారు. పిల్లిపాలలో ఇది సమృద్ధిగా ఉంటుంది, ఆవుపాలలో అత్యల్పం. కేవలం ఆవుపాలతో వారాలపాటు పెరిగిన కూన పైకి బతికినట్లు కనిపించినా, చూపు, గుండె దెబ్బతినే ప్రమాదం ఉంది.

పాలిచ్చే మరొక పిల్లి గ్రామంలో ఉంటే అదే ఉత్తమ మార్గం. ఆ పిల్లి కూనలు పడుకొన్న బట్టతో అనాథ కూనలను తుడిచి, వాటి మధ్య వదిలితే అనేక తల్లులు అంగీకరిస్తాయి. అది లేనప్పుడు పిల్లికూనలకై తయారుచేసిన పాలపొడి పశువైద్య మందుల దుకాణాలలో అడిగి తీసుకోవాలి. పాలపొడి దొరికే వరకు, ఒకటి రెండు రోజులకు మించకుండా, పశువైద్యుని సలహాపై మేకపాలలోనో బర్రెపాలలోనో గుడ్డు పచ్చసొన కలిపి పట్టవచ్చు. పచ్చి తెల్లసొన వాడరాదు.

పాలు పట్టే లెక్క, పద్ధతి

మొదటి వారంలో 100 గ్రాముల కూనకు రోజుకు సుమారు 20 కిలోకేలరీల శక్తి కావాలి. తగిన పాలపొడి కలిపిన పాలలో ఒక మిల్లీలీటరుకు ఇంచుమించు ఒక కిలోకేలరీ ఉంటుంది. అంటే రోజుకు 20 మి.లీ. అవసరం. కూన కడుపు ఒకసారికి పట్టేది 4 మి.లీ. మాత్రమే. ఐదుసార్లకు తగ్గకుండా పట్టవలసి ఉన్నా, కడుపు పూర్తిగా నింపడం మంచిది కాదు గనుక మొదటి వారం రేయింబవళ్లు రెండు, మూడు గంటలకొకసారి కొద్ది కొద్దిగా పట్టాలి. రెండవ వారం మూడు, నాలుగు గంటలకు, మూడవ వారం నాలుగు, ఐదు గంటలకొకసారి సరిపోతుంది. నాలుగవ వారం నుండి పాలలో మెత్తని ఆహారం కలిపి పళ్లెంలో నాకడం నేర్పవచ్చు.

పాలు గోరువెచ్చగా ఉండాలి. కూనను తల్లి పొట్ట దగ్గర ఉన్నట్లే బోర్లా ఉంచి, తల కొద్దిగా పైకెత్తి, సూది లేని సిరంజితోనో చిన్న పాలసీసాతోనో చుక్క చుక్కగా పట్టాలి. చంటిబిడ్డలా వెల్లకిలా పడుకోబెట్టి పోస్తే పాలు శ్వాసనాళంలోకి పోతాయి. ముక్కు వెంట పాలు రావడం దీనికి సూచన.

కూన తనంతట తాను మలమూత్రాలు విసర్జించలేదు. తల్లి నాలుకతో చేసే పనిని సంరక్షకుడు గోరువెచ్చని నీటిలో తడిపిన దూదితో చేయాలి. ప్రతిసారి పాలు పట్టిన తరువాత తోక కింద మృదువుగా నిమరాలి. మూడు వారాల వరకు ఇది తప్పదు.

ప్రతిదినం ఒకే వేళకు కూనను వంటింటి త్రాసులో తూచి రాసుకోవడం అత్యంత విలువైన పరిశీలన. ఆరోగ్యంగా ఉన్న కూన రోజుకు 10 నుండి 15 గ్రాములు పెరుగుతుంది, రెండు వారాలకు పుట్టిన బరువుకు రెట్టింపవుతుంది. ఒక పూర్తి దినం బరువు పెరగకపోయినా, తగ్గినా వెంటనే పశువైద్యుని సంప్రదించాలి. తల్లి ముర్రుపాల నుండి రోగనిరోధక శక్తి మొదటి 16 గంటలలోనే అందుతుంది. అది తాగని కూనలకు చేతుల శుభ్రత, పాత్రల శుభ్రతే ప్రధాన రక్షణ.

గోమార్లు, పురుగుమందులు

పొలంలో దొరికిన కూనల ఒంటిపై గోమార్లు ఎక్కువగా ఉంటాయి. అవి పీల్చే రక్తమే చిన్న కూనను పాలిపోయేలా చేస్తుంది. పశువుల గోమార్లకు వాడే మందునో, పత్తికి తెచ్చిన మందునో పలుచన చేసి రాయడం ప్రాణాంతకం. పర్మెథ్రిన్ వంటి సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులను విడగొట్టే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. పేల దువ్వెనతో దువ్వి సబ్బునీటిలో ముంచడమే కూనలకు తగిన పద్ధతి.

కరచినా, గీరినా గాయాన్ని సబ్బు పెట్టి పారే నీటితో 15 నిమిషాలు కడిగి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రేబీస్ టీకా విషయమై సంప్రదించాలి. గర్భిణీ స్త్రీలకు పిల్లి మలాన్ని శుభ్రపరచే పని అప్పగించరాదు.

కూనలు అనాథలు కాకుండా

కొన్ని కూనల తల్లులు పొలంలోని ఎలుకమందు వలననే చనిపోతాయి. బ్రోమాడయోలోన్ తిన్న పందికొక్కు వెంటనే చావదు. కొన్ని రోజులపాటు మందకొడిగా తిరుగుతూ పిల్లికి సులభంగా చిక్కుతుంది. దాని కాలేయంలో నిలిచిన విషం పిల్లి దేహంలోకి చేరుతుంది. రాజస్థాన్‌లోని సరిస్కాలో జరిగి 2004లో ప్రచురితమైన పరిశోధన ఒక అడవిపిల్లి రోజుకు 3 నుండి 5 ఎలుకజాతి జీవులను తింటుందని అంచనా వేసింది. ఆ లెక్కన సంవత్సరానికి వెయ్యికి పైమాటే. అంతటి సేవకుని చంపుకొన్న పొలంలో పందికొక్కులు మళ్లీ త్వరగా పెరుగుతాయి. గట్లు సన్నగా, శుభ్రంగా ఉంచడం, బుట్టలు, బోనులు పెట్టడం, గ్రామమంతా ఒకేసారి నివారణ చేపట్టడం మొదటి మార్గాలు. విషపు ఎర తప్పనిసరైతే బొరియ లోపల మాత్రమే పెట్టి మూయాలి. చనిపోయిన ఎలుకలను ప్రతి ఉదయం ఏరి లోతుగా పూడ్చాలి.

కోతకు ముందురోజు గట్ల పొదలు, తుంగ ఒకసారి కర్రతో తట్టి చూడటం, గడ్డివామును కదిలించే ముందు చుట్టూ పరిశీలించడం ఖర్చులేని పనులు. కోతలకు ముందు గ్రామాలలో జరిగే రైతు సమావేశాలలో కృషి విజ్ఞాన కేంద్రాల శాస్త్రజ్ఞులు ఈ రెండు మాటలు చేర్చవచ్చు. చికిత్స అవసరమైన కూనల విషయంలో సమీప పశువైద్యశాలను, కోరుట్లలోని పశువైద్య కళాశాలను సంప్రదించమని సూచించవచ్చు.

కూన దొరికిందని రైతు ఫోన్ చేసినప్పుడు విస్తరణ అధికారి అడగవలసిన ప్రశ్నలు మూడు. ఎక్కడ దొరికింది? తల్లి కోసం ఎంతసేపు చూశారు? ఒళ్లు వెచ్చగా ఉందా? ఈ మూడింటికి జవాబు దొరికిన తరువాతే పాల సంగతి మాట్లాడాలి.