ఊపితే నడిచే వాచీ... ఊపేదెవరు?

గల్ఫ్ సూట్‌కేసుల్లో ఊళ్లకొచ్చిన ఆటోమేటిక్ వాచీలు ఇప్పుడు బీరువాల్లో నిద్రపోతున్నాయి. వాటిని తిప్పి తిప్పి మేల్కొలిపే డబ్బా ఒకటి మార్కెట్లో దొరుకుతోంది. పేరు వాచ్ వైండర్. నిజామాబాద్, బోధన్ ఇళ్లలో దానికి పనుందా?

బీరువా అడుగు అరలో, పట్టుచీరల కింద, భూమి కాగితాల పక్కన ఓ స్టీలు చైను వాచీ ఉంటుంది. ముల్లు ఎప్పుడో ఆగిపోయింది. చేతిలోకి తీసుకుని అటూఇటూ నాలుగుసార్లు ఊపి చూడండి. టిక్ టిక్ మంటూ సెకన్ల ముల్లు కదిలిందా? సెల్లు లేదు, చావీ ఇవ్వలేదు, అయినా నడుస్తోంది! ఇంట్లో పిల్లలకు అదో వింత. పెద్దవాళ్లకేమో అది దుబాయ్ వాచీ, లేదంటే మస్కట్ వాచీ.

నిజామాబాద్ జిల్లా నుంచి గల్ఫ్‌కు వలసలు 1970ల చమురు జోరుతో ఊపందుకున్నాయి. ఆర్మూరు, బాల్కొండ, కమ్మర్‌పల్లి వైపు గల్ఫ్ వాసన తగలని ఊరు కనిపించదు. రెండేళ్లకో మూడేళ్లకో సెలవు మీద వచ్చే మనిషి పెట్టెలో అత్తరు, టైగర్ బామ్, టేప్ రికార్డరు, రంగురంగుల దుప్పటి... వీటితోపాటు చేతికి ఓ వాచీ. కాస్త కలిగినవాళ్లకు రాడో. ఎక్కువమందికి సీకో 5, లేదంటే సిటిజన్. సీకో 5ను జపాన్ కంపెనీ 1963లో తెచ్చింది. ధర అందుబాటులో ఉండేది, నీటి చుక్కలకు భయపడేది కాదు, తేదీతో పాటు వారం కూడా చూపించేది. గల్ఫ్ బజారు కోసం చేసిన వాటిలో వారం పేరు ఇంగ్లిష్‌లోనూ అరబ్బీలోనూ వచ్చేది. మీ ఇంట్లో వాచీ మీద వారం పేరు చదవరాని లిపిలో కనిపిస్తే కంగారుపడకండి, అది చెడిపోలేదు. వారం మార్చే చోట భాష మార్చుకోవచ్చు.

అంతకు ముందు సంగతి వేరు. బోధన్ పక్కన షక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ 1937లో పుట్టింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు. చెరకు సీజన్‌లో ఫ్యాక్టరీ రాత్రీపగలూ ఆడేది, ఊరు షిఫ్టుల లెక్కన మేలుకునేది. అలాంటి ఊళ్లో వాచీ అంటే సోకు కాదు, పనిముట్టు. ఆ రోజుల్లో మన దేశంలో వాచీ అంటే హెచ్.ఎం.టి. 1961లో సిటిజన్ కంపెనీ సహకారంతో బెంగళూరులో మొదలైంది. జనతా, పైలట్ లాంటివి రోజూ పొద్దున్నే చావీ ఇవ్వాల్సిన వాచీలు. ఆటోమేటిక్‌లలో కాంచన్ అయితే పెళ్లిళ్ల వాచీగానే పేరుపడింది. అల్లుడికి సైకిలు, రేడియో, వాచీ అన్న కాలం మరి!

హెచ్.ఎం.టి. వాచీల మూసివేతకు కేంద్ర మంత్రివర్గం 2016 జనవరిలో ఆమోదం తెలిపింది. అంతకు కొద్ది రోజుల ముందే, 2015 డిసెంబరులో, 2002లో ప్రైవేటు చేతికి వెళ్లిన చక్కెర ఫ్యాక్టరీ కూడా మూతపడింది. దాన్ని మళ్లీ నడిపించే దారి చూడమని 2024లో రాష్ట్ర ప్రభుత్వం కమిటీ వేసింది. ఏళ్ల తరబడి ఆగిన యంత్రాన్ని తిరిగి నడపడం ఎంత పనో బోధన్ వాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. వాచీ చిన్నదే కానీ అదీ యంత్రమే.

లోపల ఏముంది?

వాచీ వెనక మూత తీస్తే అర్ధచంద్రాకారంలో ఓ బరువైన లోహపు బిళ్ల కనిపిస్తుంది. అదే రోటార్. చెయ్యి కదిలినప్పుడల్లా బిళ్ల బరువు కొద్దీ కిందికి జారుతూ గిర్రున తిరుగుతుంది. ఆ తిరుగుడు పళ్లచక్రాల మీదుగా వెళ్లి స్ప్రింగును చుడుతుంది. స్ప్రింగు మెల్లగా విప్పుకుంటూ ముళ్లను నడిపిస్తుంది. అన్నం మనం తింటాం, నడక వాచీ నడుస్తుంది! చేతి గడియారంలో ఈ ఏర్పాటుకు 1920లలో పేటెంటు తీసుకున్నది జాన్ హార్వుడ్ అనే ఇంగ్లండ్ వాచీ మెకానిక్. గుండ్రంగా పూర్తిగా తిరిగే రోటార్‌తో 1931లో రోలెక్స్ దాన్ని ప్రపంచానికి అలవాటు చేసింది.

రోజంతా పెట్టుకుంటే స్ప్రింగు తెగిపోదా అని కొందరికి అనుమానం. తెగదు. నిండాక స్ప్రింగు చివర తన డబ్బా గోడ మీద జారిపోయేలా ఏర్పాటుంటుంది. చెరకు నరికే చెయ్యి అయినా, లెక్కలు రాసే చెయ్యి అయినా ఇబ్బంది లేదు. నిండు స్ప్రింగుతో వాచీ తీసి పక్కన పెడితే సుమారు 40 గంటలు నడుస్తుంది. శుక్రవారం రాత్రి తీసి పెడితే ఆదివారం మధ్యాహ్నానికి ఆగిపోతుందన్నమాట.

ఇదిగో, ఇక్కడ వస్తుంది వైండర్. చిన్న పెట్టె, లోపల దిండు లాంటి పట్టు, దాన్ని మెల్లగా తిప్పే మోటారు. వాచీని దిండుకు తొడిగి స్విచ్ వేస్తే కాసేపు తిరుగుతుంది, కాసేపు ఆగుతుంది. చాలా వాచీలకు రోజుకు 650 నుంచి 800 చుట్లు చాలు. రెండు మూడు వేల రూపాయల నుంచి లక్షల దాకా ఉన్నాయి. తిరిగే దిక్కు కూడా ముఖ్యమే. సీకో 5లో రోటార్ ఎటు తిరిగినా స్ప్రింగు చుట్టుకుంటుంది. సిటిజన్ వారి 8200 రకం యంత్రాల్లో ఒకవైపు తిరిగితేనే పని జరుగుతుంది. అందుకే దిక్కు మార్చుకునే వీలున్న వైండరే కొనాలి. సెల్లు వాచీకి, చావీ ఇచ్చే హెచ్.ఎం.టి. జనతాకు ఈ డబ్బా ఎందుకూ పనికిరాదు. కొనేముందు డయల్ మీద ‘ఆటోమేటిక్’ అన్న మాట ఉందో లేదో చూసుకోండి.

ఎవరికి కావాలి?

నలుగురైదుగురు పెళ్లికొడుకుల సరిపడా వాచీలున్న మనిషికి కావాలి. తేదీ, నెల, లీపు సంవత్సరం కూడా తనే లెక్క పెట్టుకునే ఖరీదైన వాచీ ఉంటే ఇంకా కావాలి. అది ఆగితే మళ్లీ సరిచేయడం పెద్ద తతంగం. ఇంటికో దుబాయ్ వాచీ ఉన్న మన జిల్లాకు మాత్రం వైండర్ దండగ అనే చెప్పాలి. ఆగితే ఆగనీయండి. కొత్త తరం నూనెలతో సర్వీసైన వాచీ కొన్ని నెలలు ఊరికే పడుకుంటే పాడైపోదు. పైగా సీకో 5 ముల్లు గంటకు 21,600 సార్లు కొట్టుకుంటుంది. అంటే రోజుకు 5 లక్షల 18 వేల పైచిలుకు. ఎవరూ చూడని టైమును చూపించడానికి అరిగిపోవడమెందుకు?

ఇంకో ఇంట్లో మాత్రం లెక్క మారుతుంది. నలభై ఏళ్లు చెమటోడ్చిన మనిషి ఇప్పుడు వాకిట్లో కుర్చీకి పరిమితమయ్యాడు. పక్షవాతమో, మోకాళ్ల నొప్పులో. చేతికి అదే వాచీ. రోజూ వెనకబడుతోంది, తెల్లారేసరికి ఆగిపోతోంది. ఇంట్లోవాళ్లు వాచీ చెడిపోయిందనుకుంటారు. నిజానికి చెయ్యి కదలడం తగ్గింది, అంతే! ఆ మాట పైకి అనలేక సెల్లు వాచీ కొనిచ్చే కొడుకులుంటారు. పెద్దాయన దాన్ని పెట్టుకోడు. అలాంటి ఇంట్లో రాత్రిపూట మంచం పక్కన తిరిగే వైండర్ పనికొస్తుంది. పొద్దున లేచేసరికి నిండుగా ఉంటుంది, పగలంతా చేతికి ఆడుతుంది. పైసా ఖర్చు లేని దారి కూడా ఉంది. కొన్ని ఆటోమేటిక్‌లకు పక్కనున్న పిడి తిప్పి చావీ ఇవ్వొచ్చు. పాత సీకో 5లలో చాలావాటికి ఆ వీలు లేదు. వాటిని పళ్లెంలో బియ్యం చెరిగినట్టు అరచేతిలో మెల్లగా గుండ్రంగా ఆడించాలి. రాత్రి ఓ రెండు నిమిషాలు మనవడికి అప్పగిస్తే సరి. గట్టిగా విదిలించకూడదు.

ముందు మెకానిక్ దగ్గరికి

పదిహేను, ఇరవై ఏళ్లుగా బీరువాలో ఉన్న వాచీ దొరికిందా? వెంటనే ఊపకండి, వైండర్‌లో అసలే పెట్టకండి. లోపలి నూనె ఎండి జిగురు కట్టి ఉంటుంది. ఆ స్థితిలో రాత్రీపగలూ తిప్పడమంటే కందెన లేని ఇరుసు మీద బండి తోలడమే. ముందు విప్పి, కడిగి, కొత్త నూనె వేయించాలి. బజారులో అద్దాల పెట్టె వెనక కంటికి భూతద్దం పెట్టుకుని కూర్చున్న పాత మెకానిక్‌లు ఇప్పుడు తగ్గిపోయారు. ఉన్నవాళ్లలోనూ చాలామందికి సెల్లు మార్చడమే రోజువారీ పని. ఆటోమేటిక్ విప్పిన అనుభవం ఉందో లేదో అడిగి మరీ ఇవ్వండి. నాలుగైదేళ్లకోసారి సర్వీసింగ్ అయితే చాలు.

తేదీ సరిచేసేటప్పుడు ఒక జాగ్రత్త. రాత్రి 9 నుంచి తెల్లవారుజాము 4 మధ్య తేదీ మార్చే పళ్లు ఒకదానిలో ఒకటి చిక్కుకుని ఉంటాయి. అప్పుడు బలవంతంగా తిప్పితే పన్ను విరుగుతుంది. ముందు ముల్లును ఉదయం 6 దగ్గరికి తెచ్చి, తర్వాత తేదీ మార్చండి. టైము హఠాత్తుగా రోజుకు చాలా నిమిషాలు ముందుకు పరిగెడుతుంటే అయస్కాంతం పట్టి ఉండొచ్చు. స్పీకర్ పక్కన పెట్టారేమో చూడండి. దాన్ని వదిలించడం మెకానిక్‌కు నిమిషం పని.

టైము సరిచేసే ముందు ఒక్కసారి ముళ్లు ఎక్కడ ఆగాయో చూడండి. దుబాయ్, మస్కట్ మనకంటే గంటన్నర వెనక. సౌదీ, కువైట్, ఖతార్ రెండున్నర గంటలు. సెలవు మీద వచ్చి కూడా అక్కడి టైము మార్చనివాళ్లు ఉండేవాళ్లు, ఎలాగూ తిరిగి వెళ్లాలి కదా అని. ఇంట్లోవాళ్లు ఆ ముళ్లు చూసి, గంటన్నర కలుపుకుని బస్సు టైము లెక్కపెట్టుకునేవాళ్లు.

రిపేరుకిచ్చేటప్పుడు ఇంకో మాట గట్టిగా చెప్పాలి. పాత సీకో, హెచ్.ఎం.టి. వాచీల డయల్‌కు కొత్త రంగు వేసి, మెరుగుపెట్టి ఆన్‌లైన్‌లో అమ్మే వ్యాపారం ఒకటి బాగా నడుస్తోంది. ఆ అలవాటులో మీ వాచీకీ నీలమో, ఎరుపో పూసి ‘కొత్తదాని లెక్క చేసినా’ అని చేతిలో పెట్టొచ్చు. సిమెంటు పనిలో పడ్డ గీతలు, ఎండకు పసుపెక్కిన డయల్ పోతే తిరిగి రావు. నూనె మార్చమనండి. గాజు మరీ పగిలితే గాజు మార్చమనండి. డయల్ జోలికి మాత్రం వెళ్లొద్దనండి.