‘ఊయల ఇంటి’లో బిడ్డను వదిలే ముందు...

పల్సానా (సూరత్ జిల్లా): ముంబయి - ఢిల్లీ జాతీయ రహదారిపై, సూరత్ నగరానికి సుమారు పాతిక కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ తాలూకా కేంద్రంలో తెల్లవారడమంటే మిల్లుల్లో షిఫ్టు మారడమే. అద్దకం, ముద్రణ మిల్లుల నుంచి రాత్రి షిఫ్టువారు బయటికి వస్తుండగా పగటి షిఫ్టువారు లోపలికి అడుగుపెడతారు. మరమగ్గాల షెడ్లలో 12 గంటల షిఫ్టు సర్వసాధారణం. భార్యాభర్తలిద్దరూ పనికి వెళ్లే కుటుంబాలలో ఆ వేళకు తేలవలసిన ప్రశ్న ఒక్కటే: చంటిబిడ్డను ఎవరు చూస్తారు?

సొంత ఊళ్లో అయితే అమ్మమ్మో, నాయనమ్మో, పక్కింటి పిన్నో ఉంటారు. పొట్ట చేతబట్టుకుని వచ్చిన చోట అద్దె గది తప్ప అయినవారు ఉండరు. అటువంటప్పుడు మిగిలేవి మూడే దారులు. తల్లి పని మానుకుని ఇంటివద్దే చీరలకు రాళ్లు అతికించడం, దారాలు కత్తిరించడం వంటి చిల్లర పనితో సరిపెట్టుకోవడం మొదటిది. ఎనిమిది, తొమ్మిదేళ్ల పెద్దపిల్లను బడి మాన్పించి తమ్ముడికి కాపలా పెట్టడం రెండవది. ఎంతో కొంత సొమ్ము చెల్లించి బిడ్డను శిశు సంరక్షణ కేంద్రంలో విడిచిపెట్టడం మూడవది. ఈ మూడవ దారి పట్టే తల్లిదండ్రులు కేంద్రం మంచిచెడ్డలను ఏ విధంగా బేరీజు వేసుకోవాలన్నది ఇక్కడి తెలుగు కుటుంబాలకూ ముఖ్యమైన విషయమే.

సూరత్‌తో తెలుగువారి అనుబంధం పాతది. కరీంనగర్, వరంగల్, నల్గొండ తదితర జిల్లాల నుంచి పద్మశాలి నేత కుటుంబాలు దశాబ్దాలుగా ఇక్కడికి తరలివచ్చి లింబాయత్, ఉధ్నా వంటి ప్రాంతాలలో స్థిరపడ్డాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా పాఠశాలలు నడుపుతున్నదంటే ఇక్కడి తెలుగు జనాభా ఎంతటిదో ఊహించవచ్చు. అయితే బడి వయసు వచ్చేదాకా బిడ్డ సంగతి ఏమిటన్న దానికి ఆ పాఠశాలల్లో జవాబు దొరకదు.

చట్టం ఏమంటోంది?

గుజరాతీలో శిశు సంరక్షణ కేంద్రాన్ని ‘ఘోడియాఘర్’ అంటారు. ‘ఘోడియుం’ అంటే ఊయల. ఊయల ఇల్లు అన్నమాట. కర్మాగారాలు ఇటువంటి ఊయల ఇళ్లను నడపాలన్న నిబంధన కొత్తదేమీ కాదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 48వ సెక్షను కింద మొదట 50 మందికి మించి, 1976 సవరణ తర్వాత 30 మందికి మించి మహిళా కార్మికులున్న కర్మాగారం ఆరేళ్ల లోపు పిల్లలకు ప్రత్యేక గది ఏర్పాటు చేయవలసి ఉండేది. ఈ లెక్క మహిళలకే పరిమితం కావడంతో, మగవారినే ఎక్కువగా నియమించుకునే మిల్లులు నిబంధన పరిధిలోకి రాకుండా పోయాయి.

2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించినప్పుడు ఈ లోపాన్ని సరిదిద్దారు. ఉద్యోగులు స్త్రీలైనా, పురుషులైనా మొత్తం 50 మంది లేదా అంతకు మించి ఉన్న ప్రతి సంస్థ శిశు సంరక్షణ సదుపాయం కల్పించాలి. విశ్రాంతి సమయంతో కలిపి రోజుకు నాలుగు సార్లు వెళ్లి బిడ్డను చూసుకునేందుకు తల్లిని అనుమతించాలి. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతిలోనూ ఈ ఏర్పాటు కొనసాగింది. పలు సంస్థలు కలిసి ఉమ్మడిగా ఒక కేంద్రాన్ని నడుపుకోవడానికి కూడా వీలుంది.

కాగా, చట్టం ఒకటైతే ఆచరణ మరొకటి. చిన్న షెడ్లలో 50 మంది ఉండరు. పెద్ద మిల్లుల్లో ఉన్నా, కాంట్రాక్టరు ద్వారా వచ్చినవారిలో అనేకుల వద్ద తాము ఫలానా సంస్థ ఉద్యోగులమని చూపే కాగితం ఉండదు. అయినప్పటికీ పనిలో చేరేటప్పుడే కేంద్రం ఉన్నదా, లేదా అని అడగడం కార్మికుల హక్కు. అడిగేవారు లేనిచోట గది ఉన్నా అది గోదాముగా మారిపోవడానికి ఎంతోకాలం పట్టదు.

ముందు చూడాలి, తర్వాతే అడగాలి

సాధారణంగా తల్లిదండ్రులు మొదట అడిగేది ఫీజు సంగతి. మొదట చూడవలసినది గది, అందులోని పిల్లలు. ముందుగా కబురు చేయకుండా, ఉదయం పదకొండు గంటల వేళ ఒకసారి, పిల్లలు నిద్రపోయే మధ్యాహ్నం వేళ మరొకసారి వెళ్లడం మంచిది. ముందే చెప్పి వెళితే కేంద్రం తన పండగ ముఖాన్నే చూపుతుంది.

గదిలోకి వెళ్లగానే తలలు లెక్కపెట్టాలి. కేంద్ర ప్రభుత్వం 2018లో జారీ చేసిన కనీస ప్రమాణాల ప్రకారం మూడేళ్ల లోపు పిల్లలు పది మందికి ఒకరు, మూడు నుంచి ఆరేళ్ల వారు ఇరవై మందికి ఒకరు చొప్పున శిక్షణ పొందిన కార్యకర్త, తోడుగా సహాయకురాలు ఉండాలి. ఒక కేంద్రంలో సుమారు 30 మంది పిల్లలు, ఒక్కొక్కరికి కనీసం 10 నుంచి 12 చదరపు అడుగుల చోటు అన్నవి కూడా ఆ ప్రమాణాలలోనివే. పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు గల గదిలో పాతిక మంది కనిపిస్తే ఆ కేంద్రం గురించి మరేమీ అడగనవసరం లేదు.

ఏడుస్తున్న బిడ్డ దగ్గరికి ఆయా ఎంతసేపటికి వెళుతున్నది, ఎత్తుకుంటున్నదా, గదమాయిస్తున్నదా, పిల్లలను పేరు పెట్టి పిలుస్తున్నదా అన్నవి గోడల మీది రంగుల బొమ్మలకన్నా ఎక్కువ చెబుతాయి. పిల్లలు కదలకుండా, మెదలకుండా వరుసగా కూర్చుని ఉంటే దానిని క్రమశిక్షణగా పొరబడరాదు. రెండేళ్ల బిడ్డ సహజంగా చేసే పని పరుగెత్తడం, ప్రశ్నించడం.

రెండో ద్వారం ఉన్నదా?

2019 మే 24న సూరత్‌లోని సర్థానా ప్రాంతంలో తక్షశిల వాణిజ్య సముదాయంలో చెలరేగిన మంటలకు 22 మంది విద్యార్థులు బలయ్యారు. పై భాగంలోని శిక్షణ తరగతులలో చిక్కుకుని, దిగే దారిలేక పలువురు కిటికీల నుంచి కిందికి దూకారు. అంతకు ముందు 2004 జులై 16న తమిళనాడులోని కుంభకోణంలో వంటశాల నుంచి లేచిన నిప్పు పాఠశాల గడ్డి కప్పుకు అంటుకుని 94 మంది చిన్నారులు మరణించారు. పరుగెత్తగలిగిన విద్యార్థులకే ఆ గతి పట్టినప్పుడు నడక రాని పసివాళ్ల మాట చెప్పనక్కర లేదు.

కనుక కేంద్రం నేల అంతస్తులో ఉన్నదా, బయటపడేందుకు రెండో ద్వారం ఉన్నదా, అది తాళం వేయకుండా ఉన్నదా అని స్వయంగా తెరిచి చూడాలి. గ్యాస్ పొయ్యి పిల్లల గదిలోనే ఉన్నదా, విద్యుత్ ప్లగ్గులు చేతికి అందే ఎత్తులో ఉన్నాయా, పక్క గదిలో గుడ్డల బేళ్లు, రసాయనాల డబ్బాలు నిల్వచేశారా అన్నవి జౌళి పరిశ్రమ ప్రాంతంలో తప్పక గమనించవలసిన అంశాలు. లారీలు నిరంతరం తిరిగే రహదారి సమీపంలో గేటు గడియ బిడ్డకు అందనంత ఎత్తులో ఉండాలి. మూత లేని నీటి తొట్టి, సగం నిండిన బకెట్టు కూడా ప్రమాదమే. జానెడు లోతు నీరు సైతం పాకే బిడ్డ ప్రాణం తీయగలదు.

తాగునీరు ఎక్కడి నుంచి తెస్తారో అడిగి, ఒక గ్లాసు తాగి చూడాలి. మరుగుదొడ్డి తలుపు తీసి చూడాలి. వంట ఎవరు చేస్తారు, మిగిలిన అన్నం సాయంత్రానికి పెడతారా, జ్వరం వచ్చిన బిడ్డను మిగిలినవారితో కలిపి ఉంచుతారా అన్న ప్రశ్నలకు తడుముకోకుండా జవాబు రావాలి.

మత్తు మందుల నీడ

బ్రిటిష్ పాలనలో పనికి వెళ్లే తల్లులు పసివాళ్లు ఏడవకుండా నల్లమందు మాత్ర వేసి పడుకోబెట్టిన సంగతి 1931లో వెలువడిన రాయల్ లేబర్ కమిషన్ నివేదికకెక్కింది. కర్మాగారాలలో శిశు సంరక్షణ గదులుండాలన్న సిఫారసుకు అటువంటి పరిస్థితులే నేపథ్యం. నల్లమందు మాత్ర పోయినా, నిద్ర తెప్పించే దగ్గు మందు అంగట్లో దొరుకుతూనే ఉంది. సాయంత్రం ఇంటికి వచ్చిన బిడ్డ రోజూ మగతగా ఉంటే, తిండి మీద ధ్యాస తగ్గితే వెంటనే వైద్యునికి చూపాలి. తల్లిదండ్రులు చీటీపై రాసివ్వని ఏ మందూ బిడ్డకు వేయరాదన్న షరతును మొదటి రోజే స్పష్టం చేయాలి.

పనివారి పూర్వాపరాలను పోలీసుల ద్వారా విచారించారా అని అడగడం అనుమానించినట్లు కాదు. అది నిబంధన. లైంగిక నేరాల నుంచి బాలలకు రక్షణ కల్పించే చట్టం 2012 నుంచి అమలులో ఉన్నది. సాయంత్రం బిడ్డను ఎవరికి అప్పగించాలో పేర్లు రిజిస్టరులో ఉండాలి. ‘మామయ్యను’ అంటూ వచ్చిన ప్రతివారి చేతిలో బిడ్డను పెట్టే కేంద్రం ఎంత చౌకైనా పనికిరానిదే. పిల్లలకు ఆపద కలిగితే 1098 నంబరుకు ఎక్కడి నుంచైనా ఉచితంగా ఫోను చేయవచ్చు.

ఇన్ని ప్రశ్నలకూ పెద్ద ప్రశ్న ఒకటున్నది. తల్లి ఏ వేళ వచ్చినా లోపలికి రానిస్తారా? ‘పిల్లలు బెంగపడతారు, మధ్యలో రావద్దు’ అని చెప్పే కేంద్రం వైపు మరి చూడకపోవడమే మేలు.

అంగన్‌వాడీ మేలు, పరిమితి

1975 అక్టోబరు 2న దేశంలోని 33 బ్లాకులలో ప్రారంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం కింద నడిచే అంగన్‌వాడీలో ఫీజు లేదు. పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, బడికి ముందరి విద్య అక్కడ లభిస్తాయి. మూడేళ్లు దాటిన వారికి కేంద్రంలోనే వేడి భోజనం పెడతారు. అంతకన్నా చిన్నవారికి ఇంటికి పొట్లాలు ఇస్తారు. వలస వచ్చినవారికి ఇవి వర్తించవన్నది అపోహ మాత్రమే. 2021లో వచ్చిన ‘పోషణ్ ట్రాకర్’ ద్వారా ఒక రాష్ట్రంలో నమోదైన పేరును మరో రాష్ట్రానికి మార్పించుకోవచ్చు. స్వస్థలంలో ఇచ్చిన టీకాల కార్డును వెంట తెచ్చుకుంటే ఇక్కడి ‘మమతా కార్డు’లో ఆ వివరాలు చేర్పించుకోవడం సులువు.

అయితే అంగన్‌వాడీ పనివేళలు కొద్ది గంటలే. ఈ కొరత తీర్చడానికి కేంద్రం 2022లో ‘పాల్నా’ పథకం కింద అంగన్‌వాడీలకు అనుబంధంగా శిశు సంరక్షణ కేంద్రాలను చేపట్టింది. ఆరు నెలల నుంచి ఆరేళ్ల వరకు పిల్లలను నెలకు 26 రోజులు, రోజుకు ఏడున్నర గంటలు చూసుకోవాలన్నది ఉద్దేశం. షిఫ్టు 12 గంటలైతే ఇంకా నాలుగున్నర గంటలు మిగిలిపోతాయి. ఆ సమయంలో బిడ్డ ఎవరి వద్ద ఉంటుందో తేల్చుకోకుండా చేర్పించడం సగం ఏర్పాటే అవుతుంది. భార్యాభర్తల షిఫ్టులు ఒకే వేళ పడకుండా చూసుకోవడం కొంత ఊరట.

భాష తెలియని బిడ్డ

తెలుగు కుటుంబాలకు మరో ఇబ్బంది ఉన్నది. రెండేళ్ల బిడ్డకు ‘నీళ్లు’ తెలుసు, ‘పాణీ’ తెలియదు. కడుపు నొప్పి అని చెప్పినా గుజరాతీ ఆయాకు అర్థం కాదు. నీళ్లు, ఆకలి, నొప్పి, నిద్ర, భయం, అమ్మ కావాలి, బయటికి వెళ్లాలి - ఇటువంటి పది మాటలను గుజరాతీ లిపిలో రాయించి, అర్థంతో సహా ఆయాకు ఇవ్వడం చిన్న పనే. దాని ఫలితం మాత్రం పెద్దది. చెప్పినది అర్థమైన చోట బిడ్డ త్వరగా కుదురుకుంటుంది.

మూడేళ్లకే అక్షరాలు దిద్దిస్తామని, ఇంటి పని ఇస్తామని ఊరించే కేంద్రాలకు మురిసిపోనక్కర లేదు. పసితనంలో చదువు ఆటపాటల్లోనే సాగాలని చాటి, వకీలు వృత్తి విడిచిపెట్టిన గిజుభాయి బధేకా 1920లో భావనగర్‌లో బాలమందిర్ స్థాపించినది ఈ గుజరాత్‌లోనే. 2020 జాతీయ విద్యా విధానం కూడా ఆరేళ్ల వయసుకే ఒకటో తరగతి అంటున్నది.

ఒకేసారి రోజంతా విడిచిపెట్టక, మొదటి రెండు రోజులు గంటసేపు, ఆపై పూటంతా ఉంచి చూడాలి. కొద్ది రోజుల ఏడుపు సహజం. పక్షం రోజులు గడిచినా గేటు చూడగానే బిడ్డ వణికినా, నిద్రలో ఉలిక్కిపడినా, ఒంటిపై కారణం తెలియని మచ్చలు కనిపించినా చెల్లించిన సొమ్ముకు ఆశపడక మాన్పించడమే వివేకం.

ఇంతా చేసి దీనికి పట్టేది రెండు పూటల సమయం. రెండు పూటల కూలి పోతుందన్న మాట నిజమే. అయితే ఆ రెండు పూటలతో ఇద్దరు పిల్లల సంగతి తేలుతుంది. నమ్మకమైన ఊయల ఇల్లు దొరికిన నాడు చిన్నవాడు అందులో ఆడుకుంటాడు, వాడి అక్క పలక పట్టుకుని బడికి వెళుతుంది.